హాల్లో మూడు గంటలు, ఇంట్లో ఆరు గంటలు

పశ్చిమ గోదావరి జిల్లా నుంచి ఒక సోదరి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. అందులో ముఖ్యమైన భాగం ఇది:

"డాక్టరుగారికి నమస్కారములు. నిరుడు దసరాకి మావారు 55 అంగుళాల టి.వి. కొన్నారు. అప్పట్నుంచి మా కుటుంబం సినిమా హాలు ముఖం చూడలేదు. నెలకి ఒక్క సినిమా అయినా హాల్లో చూడాలని నా కోరిక. 'అక్కడ దగ్గులు, తుమ్ములు, చెవులు చిల్లులు పడే మోత. ఇంట్లో కాళ్ళు చాపుకుని చూస్తే ఆరోగ్యానికి ఆరోగ్యం, డబ్బుకి డబ్బు' అని మావారి వాదన. మామగారికి 69 ఏళ్ళు. టీచరుగా చేసి రిటైరయ్యారు. షుగరు, బి.పి. ఉన్నాయి. ఉదయం టిఫిను కాగానే కుర్చీలో కూర్చుంటారు. పాత సినిమాలు ఒకటి అయ్యాక ఒకటి చూస్తూనే ఉంటారు. ఆయన్ని చూసి పిల్లలూ అలాగే తయారయ్యారు. ఆరోగ్యరీత్యా హాలు మంచిదా, ఇల్లు మంచిదా మీరు చెబితే మావారు వింటారు. ఇంకొక చిన్న విషయం. పది రోజులుగా మామగారికి ఎడమకాలు పిక్క దగ్గర వాచి బరువుగా ఉంటోంది. ఆముదం రాసి మర్దన చేస్తున్నాం. దీనికేమైనా మందు ఉంటే రాయగలరు."

మూడు పేజీల నిండా సినిమాల తగువు, ఆఖరి పేజీ అడుగున ఈ "చిన్న విషయం". ముప్ఫై ఏళ్ళ సర్కారు నౌకరీలో నేను నేర్చుకున్నదేమిటంటే, రోగి గుమ్మం దాటబోతూ వెనక్కి తిరిగి "అన్నట్టు డాక్టరుగారూ..." అంటాడే, అసలు జబ్బు అక్కడ ఉంటుంది. ఉత్తరం కింద ఫోన్ నంబరు ఉంది కనుక ఆ సాయంత్రమే ఆమెతో మాట్లాడాను. ఏం చెప్పానో, ఎందుకు చెప్పానో తర్వాత రాస్తాను. ఆమె అనుమతితోనే ఇదంతా రాస్తున్నాను. ముందు భార్యాభర్తల తగువు చూద్దాం.

నాకు సినిమాలంటే విరోధం లేదు. చిన్నప్పుడు టూరింగు టాకీసులో నేల మీద కూర్చుని, ముందువాడి తల అడ్డం వస్తే ఇసుక కుప్ప చేసుకుని చూసినవాణ్ణి. హైదరాబాదు దూరదర్శన్ 1977లో వచ్చింది. మా ఊళ్ళో టి.వి. ఉన్న ఇల్లు ఒక్కటే ఉన్నప్పుడు, ఆదివారం సినిమాకి ఆ ఇంటి వరండా నిండా కూర్చున్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి. వీడియో క్యాసెట్లు అద్దెకు దొరికే రోజుల్లో, మెడికల్ కాలేజీ హాస్టల్లో డబ్బులు పోగుచేసి, తెల్లవారేలోగా మూడు సినిమాలు చూసి, మర్నాడు వార్డులో నిలబడి నిద్రపోయిన ఘనత కూడా ఉంది. కనుక ఈ సలహా సినిమాలు చూడనివాడు ఇస్తున్నది కాదు.

అందరూ మొదట అడిగేది కళ్ళ గురించి. "పెద్ద తెర చూస్తే కళ్ళు పోతాయా? టి.వి. చూస్తే పోతాయా?" రెండూ కాదు. తెర ఎంత పెద్దదనే దానికంటే ఎంత దూరాన ఉన్నదనేది ముఖ్యం. దగ్గరి వస్తువును చూడాలంటే కంటిలోని ఒక చిన్న కండరం బిగుసుకుని కటకాన్ని లావుగా చేయాలి. ఆరు మీటర్లు దాటిన వస్తువును చూసేటప్పుడు ఆ కండరానికి దాదాపు పనే ఉండదు. హాల్లో మధ్య వరుసల నుంచి వెనక్కి కూర్చున్నవారికి తెర అంతకంటే ఎక్కువ దూరంలోనే ఉంటుంది. ఇంట్లో టి.వి.కి రెండు మూడు మీటర్లు. చేతిలో సెల్‌ఫోను అయితే ఒక అడుగు. అంటే కంటి కండరం లెక్కన చూస్తే హాల్లో సినిమా విశ్రాంతి, టి.వి. తేలికపాటి పని, ఫోనులో సినిమా కూలిపని. మీ పిల్లలు టి.వి.లో మీ సినిమా నడుస్తుంటే పక్కన పడుకుని ఫోనులో వాళ్ళ సినిమా చూస్తున్నారంటే, ముందు అది మాన్పించండి.

కళ్ళు మండటం, ఇసుక పడ్డట్టు ఉండటం వేరే సంగతి. మనం మామూలుగా నిమిషానికి పదిహేనుసార్ల వరకూ రెప్ప వేస్తాం. తెర వైపు తదేకంగా చూసేటప్పుడు అందులో సగం కూడా వేయం. కన్నీటి పొర ఆరిపోతుంది. ఎ.సి. గాలి తగిలితే ఇంకా త్వరగా ఆరుతుంది. ఇది హాల్లోనూ ఉంది, ఇంట్లోనూ ఉంది. ఇంట్లో మాత్రం గది దీపాలన్నీ ఆర్పేసి, కళ్ళు జిగేలుమనేలా వెలుతురు పెంచి చూడటం ఒక ఫ్యాషనైపోయింది. హాలు తెర వెలుతురు మీ ఇంటి టి.వి. వెలుతురు కంటే చాలా తక్కువ. ఇంట్లో చూసేటప్పుడు టి.వి. వెనక గోడకు ఒక చిన్న బల్బు వెలిగించుకోండి. చాలు.

ఇక చీకటి గురించి ఒక ముఖ్యమైన మాట. నలభై, యాభై దాటిన స్త్రీలు దీన్ని రెండుసార్లు చదవాలి.

మేం చదువుకునేటప్పుడు మా కంటి విభాగం ప్రొఫెసరు "సినిమా హాల్లో మొదలయ్యే తలనొప్పిని నమ్మకండి" అనేవారు. అప్పుడు నవ్వుకున్నాం. కొన్నేళ్ళ క్రితం, సుమారు యాభై అయిదేళ్ళ ఆవిడను కొడుకు మోటారు సైకిలు మీద మా ఆసుపత్రికి తీసుకొచ్చాడు. రెండు రోజుల క్రితం సెకండ్ షోకి వెళ్ళారట. సగం సినిమాలోనే కుడివైపు తలనొప్పి మొదలైంది. బయటికొచ్చాక వీధి దీపాల చుట్టూ ఇంద్రధనుస్సులాగా రంగుల వలయాలు కనిపించాయి. ఇంటికెళ్ళి వాంతులు చేసుకున్నారు. "పైత్యం చేసింది, సినిమాలో ఏదో తినుంటావు" అని నిమ్మరసం ఇచ్చారు. మర్నాడు ఎవరో వాంతుల బిళ్ళ ఇచ్చారు. మా దగ్గరికి వచ్చేసరికి కన్ను చింతనిప్పులా ఉంది, కనుపాప పెద్దదై కదలడం లేదు, ఆ కంటితో చెయ్యి ఆడించినా సరిగా కనిపించడం లేదు. నీటికాసులు అంటారే, అందులో హఠాత్తుగా వచ్చే రకం అది.

కొందరి కంట్లో ద్రవం బయటికి పోయే మూల పుట్టుకతోనే ఇరుకుగా ఉంటుంది. చీకట్లో కనుపాప సగం విచ్చుకున్నప్పుడు ఆ ఇరుకు దారి మూసుకుపోవచ్చు. ద్రవం లోపలే నిలిచి కంటి ఒత్తిడి గంటల్లో పెరిగిపోతుంది. కంటినరం నలిగిపోతుంది. పురుషుల్లో కంటే స్త్రీలలో, అందులోనూ ఆసియా ఖండం వారిలో, దూరపు వస్తువులకు కూడా ప్లస్ అద్దాలు వాడేవారిలో ఇది ఎక్కువ. ఆ రాత్రే వచ్చి ఉంటే ఆమె చూపు చాలావరకు దక్కేది. రెండో కన్నుకు లేజరుతో చిన్న రంధ్రం చేయించాం, అది క్షేమంగా ఉంది. మొదటి కన్ను తిరిగి రాలేదు. హాలు చీకటైనా, దీపాలార్పిన మీ హాలుగది చీకటైనా కంటికి ఒకటే. ఒకవైపు తలనొప్పి, ఎర్రబడ్డ కన్ను, దీపాల చుట్టూ రంగుల వలయాలు, వాంతి – ఇవి కలిసి వస్తే పైత్యం అనుకోకండి. తెల్లారేదాకా ఆగకండి.

చెవుల విషయంలో మీ వారి మాటలో కొంత నిజం ఉంది. 85 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకు 8 గంటలు భరించవచ్చని ఒక లెక్క. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ సమయం సగమవుతుంది. 88కి 4 గంటలు, 91కి 2 గంటలు, 94కి ఒక్క గంట, 100 అయితే పావుగంట. సినిమాలో శబ్దం మొదటినుంచి చివరిదాకా ఒకేలా ఉండదు. ఫైటింగులప్పుడు లేస్తుంది, ఏడుపు సీన్లలో తగ్గుతుంది. కనుక నెలకొక సినిమాతో పెద్దవాళ్ళకు చెవుడు రాదు. బయటికొచ్చాక చెవుల్లో గుయ్యిమంటే మాత్రం, ఆ రోజు మీ చెవి దెబ్బ తిన్నదని గుర్తు. మామూలుగా ఒకటి రెండు రోజుల్లో సర్దుకుంటుంది. మాటిమాటికీ అలా అయితే సర్దుకోవడం మానేస్తుంది. స్పీకర్లకు దగ్గరగా, పక్కగోడ వారగా కూర్చోకండి. చంకలో పసిబిడ్డతో కొత్త సినిమా మొదటిరోజు ఆటకు వెళ్ళే తల్లిదండ్రులను చూస్తే నాకు కోపమే వస్తుంది. బిడ్డ ఏడుస్తుంటే జోకొడతారు తప్ప, ఎందుకేడుస్తోందో ఆలోచించరు. ఏడాదిన్నర బిడ్డకు అది సినిమా కాదు, పిడుగుల వాన.

అయితే అయ్యా, మీరు ఇంట్లో పిల్లవాడు చెవుల్లో పెట్టుకునే ఇయర్‌ఫోన్ల మాట మరిచారు. హాల్లో మోత నెలకు మూడు గంటలు. చెవిలో దూరిన మోత రోజుకు మూడు గంటలు. పక్కన కూర్చున్నవారికి కూడా ఆ పాట వినిపిస్తోందంటే అది ఎక్కువైనట్టే.

గాలి గురించి. దగ్గు, జలుబు, జ్వరం ఉన్నవాళ్ళు తలుపులు మూసిన హాల్లో మూడు గంటలు కూర్చుంటే చుట్టుపక్కల వాళ్ళకు పంచిపెట్టడం ఖాయం. 2020 మార్చిలో దేశమంతటా హాళ్ళు మూసింది ఇందుకే. కోవిడ్ ఒక్కటే కాదు, క్షయ, ఆటలమ్మ, తట్టు కూడా గాలి ద్వారా వచ్చేవే. తట్టు వచ్చిన పిల్ల గదిలోంచి వెళ్ళిపోయినా రెండు గంటలవరకూ ఆ గాలిలో వైరస్ ఉండవచ్చు. టీకాలు పూర్తికాని పసిబిడ్డలను, కీమోథెరపీ తీసుకుంటున్నవారిని, ఆయాసంతో ఉన్నవారిని రద్దీ ఆటకు తీసుకెళ్ళకండి. వారానికి రెండు వారాలు ఆగి మ్యాట్నీకి వెళితే సగం హాలు ఖాళీగా ఉంటుంది. అదే సినిమా, అదే పాట.

రద్దీ అన్నాను కనుక ఇంకొక్క మాట. 1997 జూన్ 13న ఢిల్లీలో ఉపహార్ హాల్లో మంటలు లేచినప్పుడు 59 మంది పోయారు. ఎక్కువమందిని చంపింది మంట కాదు, పొగ. బాల్కనీలో బయటికి పోయే దారికి అడ్డంగా అదనపు కుర్చీలు వేశారు. 2024 డిసెంబరు 4 రాత్రి హైదరాబాదు ఆర్.టి.సి. క్రాస్ రోడ్స్‌లో ఒక కొత్త సినిమా ప్రీమియరు దగ్గర తొక్కిసలాటలో ఒక తల్లి చనిపోయింది, ఆమె పిల్లవాడు ప్రాణాపాయ స్థితిలో ఆసుపత్రి పాలయ్యాడు. తొక్కిసలాట అంటే కాళ్ళకింద పడి నలగడమే అనుకుంటారు. నిలబడి ఉన్న మనిషి కూడా నాలుగువైపుల నుంచి ఒత్తిడికి ఛాతీ విచ్చుకోలేక ఊపిరాడక పోవచ్చు. హీరో ఎవరైనా సరే, పిల్లలతో మొదటిరోజు గుంపులోకి వెళ్ళకండి. సీట్లో కూర్చోగానే బయటికి పోయే తలుపులు ఎక్కడున్నాయో ఒకసారి చూసుకోండి. నేను ఇప్పటికీ చూసుకుంటాను, మా ఆవిడ నవ్వుతుంది.

ఆడవాళ్ళు ఉత్తరాల్లో రాయని, ఓ.పి.లో మాత్రం చెప్పే కష్టం ఒకటుంది. చిన్న ఊళ్ళ హాళ్ళలో మరుగుదొడ్ల పరిస్థితి తెలిసిందే. అందుకని ఉదయంనుంచి నీళ్ళు తాగకుండా సినిమాకి వస్తారు, ఇంటికి చేరేదాకా మూత్రం బిగబట్టుకుంటారు. రెండు రోజుల తర్వాత మంటతో మా దగ్గరికి వస్తారు. ఈ ఒక్క విషయంలో ఇల్లు హాలుని చిత్తుగా ఓడించింది. మంచి దొడ్డి ఉన్న హాలునే ఎంచుకోండి, నీళ్ళు మానకండి. మీలాంటి పదిమంది మేనేజరుని అడిగితే దొడ్డి శుభ్రపడుతుంది, నా అనుభవంలో పడింది కూడా.

ఇక్కడివరకు చదివితే మీ వారు గెలిచినట్టే ఉంటుంది. ఇప్పుడు కాళ్ళ దగ్గరికి వద్దాం.

మన సినిమాలకు ఇంటర్వెల్ అనేది ఒకటుంది. విదేశాల్లో చాలాచోట్ల లేదు. సోడాలు, సమోసాలు అమ్ముకోవడానికే అది ఉందని అనుకుంటాం. డాక్టరు కళ్ళతో చూస్తే అదొక వరం. గంటా పదిహేను నిమిషాలకు దీపాలు వెలుగుతాయి, వందలమంది లేచి నిలబడతారు, మెట్లు దిగుతారు, నడుస్తారు, మళ్ళీ ఎక్కుతారు. ఇష్టం ఉన్నా లేకపోయినా లేస్తారు, ఎందుకంటే పక్కవాడికి దారివ్వాలి కదా. ఇంట్లో ఇంటర్వెల్ లేదు. ఒక సినిమా అయిపోగానే, మీరు రిమోటు ముట్టుకునేలోపే రెండోది దానంతట అదే మొదలవుతుంది. కుర్చీలో మనిషిని లేపే దిక్కు లేదు. దప్పికైతే కోడలు మంచినీళ్ళు తెచ్చి చేతికిస్తుంది. హాల్లో మూడు గంటలు కూర్చుంటే ఇంట్లో ఆరు గంటలు కూర్చుంటాం. అదీ రోజూ.

కాళ్ళనుంచి రక్తం పైకి గుండెకు చేరాలంటే దానంతట అది ఎక్కలేదు. నడిచినప్పుడు పిక్కలోని కండరాలు ముడుచుకుని, సిరలను పిండి, రక్తాన్ని పైకి తోస్తాయి. అందుకే పిక్కను రెండో గుండె అంటారు. గంటలకొద్దీ కదలకుండా, కుర్చీ అంచు తొడ కింద నొక్కుతూ కూర్చుంటే ఆ రక్తం నిలిచిపోతుంది. నిలిచిన రక్తం గడ్డకట్టవచ్చు. 1940లో లండన్ మీద బాంబుల వర్షం కురుస్తున్నప్పుడు, రాత్రంతా మడత కుర్చీల్లో షెల్టర్లలో కూర్చున్నవారు కొందరు బాంబు తగలకుండానే హఠాత్తుగా చనిపోయారు. కాలిలో ఏర్పడ్డ గడ్డ తెగి ఊపిరితిత్తుల్లోకి పోయి రక్తనాళాన్ని మూసేసింది. ఆ సంగతి అదే సంవత్సరం వైద్య పత్రికలో వచ్చింది. జపాన్‌లో 86,000 మందిని సుమారు 19 ఏళ్ళపాటు గమనించి 2016లో ప్రచురించిన పరిశోధన ఉంది. రోజుకు 5 గంటలు, ఆపైన టి.వి. చూసేవారు, రెండున్నర గంటల లోపు చూసేవారితో పోలిస్తే, ఊపిరితిత్తుల్లో గడ్డతో మరణించడం రెండున్నర రెట్లు ఎక్కువ కనిపించింది. అలా పోయినవారు మొత్తంమీద కొద్దిమందే, భయపడి టి.వి. అమ్మేయనక్కరలేదు. కానీ ఒక కాలు వాచిన మనిషి ఇంట్లో ఉన్నప్పుడు ఆ కొద్దిమంది గుర్తుకు రావాలి.

ఆ సాయంత్రం ఫోనులో ఆ సోదరికి మూడే మాటలు చెప్పాను. మర్దన ఇప్పుడే ఆపండి. ఆయన్ని కదలనివ్వకండి అనను గానీ, రేపటిదాకా ఆగకండి. స్కానింగు ఉన్న ఆసుపత్రికి ఈ రాత్రే తీసుకెళ్ళండి. "కాలు వాపుకేనా?" అన్నారావిడ. "ఒక కాలే వాచింది కనుక" అన్నాను.

రెండు కాళ్ళూ సమానంగా వాస్తే కారణాలు చాలా ఉంటాయి. గుండె, మూత్రపిండాలు, బి.పి.కి వాడే కొన్ని రకాల మాత్రలు, లేదా ఊరికే కాళ్ళు వేలాడేసి కూర్చోవడం. అదీ చూపించుకోవలసిందే, కానీ ఒకటి రెండు రోజులు ఆగవచ్చు. ఒక్క పిక్కే వాచి, నొప్పిగానో బరువుగానో, రెండోదానికంటే వెచ్చగానో ఉంటే గడ్డ ఉందేమోనని అనుమానించాలి. అలాంటి కాలిని పిసికితే గడ్డ కదిలే ప్రమాదం ఉంది. ఆముదం ఎంత మంచిదైనా ఇక్కడ కాదు.

స్కానింగులో మోకాలి వెనక సిరలో గడ్డ కనిపించింది. రక్తం గడ్డకట్టకుండా మందులు మొదలుపెట్టారు. కనీసం మూడు నెలలు వాడాలి, మధ్యలో మానకూడదు. వాడినన్నాళ్ళూ నొప్పి మాత్రలు సొంతంగా మింగకూడదు, రక్తస్రావం అవుతుంది. ఇది రాసే సమయానికి ఆయన ఇంట్లో ఉన్నారు, వీధి చివరిదాకా నడుస్తున్నారు. టి.వి. ఒక్కటే గడ్డ తెచ్చిందని నేను అనను. వయసు, మధుమేహం, ఒళ్ళు, ఎండాకాలంలో నీళ్ళు తక్కువ తాగడం అన్నీ కలిసి ఉంటాయి. వీటన్నిటిలో ఆయన చేతిలో ఉన్నది లేచి నిలబడటమే.

ఈ కూర్చోవడం మధుమేహానికి కూడా తోడబుట్టిందే. అనేక పరిశోధనలను కలిపి చూసి 2011లో ప్రచురించిన లెక్క ప్రకారం, రోజుకు ప్రతి రెండు గంటల టి.వి.కి మధుమేహం వచ్చే అవకాశం సుమారు 20 శాతం పెరుగుతోంది. కూర్చోవడం ఒకటే కాదు, నోరు కూడా ఊరుకోదు. తెర చూస్తూ తింటే కడుపు నిండిన సంగతి మెదడు పట్టించుకోదు. హాల్లో పాప్‌కార్న్ ధర చూసి ఒక పొట్లంతో ఆగుతాం. ఇంట్లో జంతికల డబ్బా మొత్తం ఒళ్ళో ఉంటుంది.

హాలుకి వెళ్ళే షుగరు రోగులకు ఒక హెచ్చరిక. ఆట టైమైపోతోందని మాత్ర మింగి, లేదా ఇన్సులిన్ పొడుచుకుని, భోజనం వచ్చాక చేద్దామని బయలుదేరకండి. చీకట్లో చెమటలు పట్టి, మాట తడబడి, తల వాల్చేస్తే పక్కవాళ్ళు నిద్రపోయారనుకుంటారు. వెలుగులో అయితే ఎవరో ఒకరు కనిపెడతారు. జేబులో నాలుగు చాక్లెట్లు ఉంచుకోండి. తనిఖీలో ఆపితే షుగరు రోగినని చెప్పండి, ఎవరూ అడ్డుపెట్టరు.

నిద్ర గురించి ఎక్కువ రాయను, అందరికీ తెలిసిందే, ఎవరూ పాటించరు. సెకండ్ షో ఒంటిగంటకు అయిపోతుంది, నెలకొకసారి. ఇంట్లో ఎపిసోడ్లకు ఆ ఒంటిగంట రోజూ వస్తుంది. మర్నాడు కారు నడపవలసినవాళ్ళు, స్కూలుకెళ్ళవలసిన పిల్లలు రాత్రి పదిన్నరకు తెర మూసెయ్యాలి. రెండేళ్ళ లోపు పిల్లలకు తెర అసలు వద్దు. రెండు నుంచి అయిదేళ్ళవారికి రోజుకు ఒక్క గంట మించకూడదని మన దేశపు పిల్లల డాక్టర్ల సంఘం 2021లో చెప్పింది. బడి పిల్లలు రోజుకు రెండు గంటలు ఆరుబయట ఆడుకుంటే దగ్గరిచూపు అద్దాలు వచ్చే అవకాశం తగ్గుతుంది. ఆ రెండు గంటలు ఎక్కడినుంచి వస్తాయంటే, టి.వి. దగ్గర్నుంచే రావాలి.

ఇంకొకటి చెప్పకపోతే ఈ సలహాలో నిజాయితీ ఉండదు.

మా అమ్మ వారం వారం మ్యాట్నీకి వెళ్ళే మనిషి. ఇరుగు పొరుగు ముగ్గురు నలుగురు ఆడవాళ్ళు, హాలు ఇంటినుంచి పదిహేను నిమిషాల నడక. వెళ్తూ ఆ కథ, వస్తూ ఈ కథ. 2020లో హాళ్ళు మూసేశారు. అమ్మకు డెబ్భై నాలుగు. విసుగ్గా ఉంటోందని నేనే పెద్ద టి.వి. కొని, మెత్తటి కుర్చీ వేసి, సినిమాలు ఎలా పెట్టుకోవాలో నేర్పాను. కొడుకు బాధ్యత తీర్చానని సంతోషించాను. హాళ్ళు మళ్ళీ తెరిచారు. ఆవిడ వెళ్ళలేదు. "ఇంట్లోనే ఉందిగా నాయనా" అంది. పొరుగువాళ్ళలో ఒకరు పోయారు, ఒకరు కూతురి దగ్గరికి వెళ్ళిపోయారు. రోజుకు యాభైమంది ముసలివాళ్ళ మోకాళ్ళు చూసే నేను, మా ఇంట్లో మోకాళ్ళను రెండేళ్ళు చూడలేదు. ఒకరోజు భోజనానికి పిలిస్తే కుర్చీలోంచి లేవలేక చేతులు చాపింది. తొడ కండరాలు కరిగిపోయాయి. ఎముకల జబ్బు కాదు, పని లేక అరిగిన కండరం.

బలహీనపడ్డ ముసలివాళ్ళు పడతారు. పడితే తుంటి విరుగుతుంది. తర్వాతి కథ మా వార్డుల్లో రోజూ చూస్తున్నదే. అదృష్టవశాత్తు అమ్మ పడలేదు. చేతుల సాయం లేకుండా కుర్చీలోంచి లేవడం, కూర్చోవడం రోజుకు పదిసార్లు, రెండుపూటలా చేయించాం. మొదటి వారం మూడు కూడా చేయలేకపోయింది. నాలుగు నెలలకు పది వచ్చాయి. సినిమా ఎలా ఉందని ఒకసారి అడిగితే, "బాగానే ఉంది, నవ్వొచ్చినప్పుడు పొడవడానికి పక్కన ఎవరూ లేరు" అంది. ఆ మాటకు నా మందులపెట్టెలో మందు లేదు. ఇప్పుడు నెలకొకసారి మా ఆవిడో నేనో తీసుకెళ్తాం. పదిహేను నిమిషాల నడక అరగంట పడుతుంది.

సోదరీ, ఇక మీకు జవాబు. మీ మామగారు ఒక నెల హాలు మాట ఎత్తవద్దు. ఆ తర్వాత చూస్తున్న డాక్టరు సరేనంటే మ్యాట్నీకి తీసుకెళ్ళండి. వరుస చివర సీటు తీసుకోండి, కాళ్ళు చాపుకోవడానికి, లేవడానికి వీలుగా ఉంటుంది. ఇంటర్వెల్లో తప్పనిసరిగా నడిపించండి. ఇంట్లో అయితే సినిమా సగానికి రాగానే టి.వి. ఆపెయ్యండి. ఎన్నో పాత సినిమాలు దాదాపు మూడు గంటలవి కదా, సగం అయ్యాక పెరట్లో పది నిమిషాలు తిరిగొస్తే కథ ఎక్కడికీ పోదు. రిమోటు ఆయన చేతికి అందకుండా టి.వి. పక్కనే పెట్టండి. ఒకటి అయ్యాక రెండోది దానంతట అదే మొదలయ్యే ఏర్పాటును మీ పిల్లలు క్షణంలో తీసేయగలరు, వాళ్ళని అడగండి. మంచినీళ్ళు మీరు తెచ్చి ఇవ్వకండి, వంటింట్లో కుండ దగ్గరికి ఆయన్నే వెళ్ళనివ్వండి. మీ అత్తగారికి ఇన్నేళ్ళుగా ఒక్కసారైనా కంటి ఒత్తిడి చూపించారా? ఉత్తరంలో ఆవిడ గురించి ఒక్క ముక్క రాయలేదు. చూపించండి.

మీ వారికి ఈ పేజీ చదివి వినిపించవచ్చు. హాల్లో మోత, దగ్గులు, దొడ్ల సంగతి ఆయన చెప్పినవన్నీ ఒప్పుకున్నాను కనుక ఆయనకు కోపం రాకూడదు. ఈ నెల టిక్కెట్లు ఆయన్నే తీయమనండి.

వచ్చే వారం: ఎండాకాలంలో మూత్రంలో రాళ్ళు.